విచిటా పాట, డాలీగంజ్ అల్మారా

అమెరికన్ పవర్ మెటల్ రికార్డులు పోగేయడం ఎక్కడైనా ఖరీదైన ఇష్టమే. మే నుంచి డిసెంబరు దాకా వాన వదలని దీవిలో అది కాపలా పని కూడా.

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అనే ఊరుంది. చుట్టూ గోధుమ చేలు, ఊళ్ళో విమానాల ఫ్యాక్టరీలు. రాక్ సంగీతానికి పేరుబడ్డ చోటు కాదు. పాటతో పైకి రావాలనుకున్న కుర్రాళ్ళు ఆ రోజుల్లో లాస్ ఏంజెలిస్‌కో న్యూయార్క్‌కో మూటాముల్లె సర్దుకునేవాళ్ళు. మార్క్ షెల్టన్ సర్దుకోలేదు. 1977లో సొంత ఊళ్ళోనే మనీలా రోడ్ అనే బ్యాండు కట్టాడు. గిటారు తనే, గొంతూ తనే. బేస్ స్కాట్ పార్క్, డ్రమ్స్ రిక్ ఫిషర్. రోడ్‌స్టర్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకుని 1983లో ‘క్రిస్టల్ లాజిక్’ అనే ఎల్పీ తెచ్చారు. పెద్ద కంపెనీ వెనక లేదు, రేడియోలో మోగే పాటలూ కావు. అయినా పవర్ మెటల్ అభిమానులు ఈ రోజుకీ వేలు చూపించి చెప్పే రికార్డుల్లో అదొకటి.

ఆ ఎల్పీ డాలీగంజ్‌లో మా ఇంటి అల్మారాలో ఉంది. తొలి ముద్రణ కాదు, చాలా ఏళ్ళ తర్వాత యూరప్‌లో మళ్ళీ వేసిన ప్రతి. ఎంత తిరిగొచ్చిందో తల్చుకుంటే ముచ్చటేస్తుంది. ఒక మారుమూల పుట్టిన పాట, ఇంకెక్కడో ముద్రణకు నోచుకుని, సముద్రం దాటి మరో మారుమూలకు చేరింది. ఈ సంగీతం కథంతా ఇలాగే నడిచింది. పుట్టిన గడ్డ పెద్దగా పట్టించుకోలేదు, దూరాన ఉన్నవాళ్ళు పట్టుకుని నిలబెట్టారు.

డాలీగంజ్ సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) పారిశ్రామికవాడ ఉన్న పేట ఇది. ఐసీఎంఆర్ వారి ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం ఇక్కడే ఉంది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు తమ మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 13 శాతం పైచిలుకు. మాలాంటి చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు. ఇక్కడికి ఏ వస్తువైనా ఓడ మీదో విమానం మీదో రావాలి. 2020 ఆగస్టు దాకా ఇంటర్నెట్ కూడా ఉపగ్రహం మీదుగా చాలీచాలకుండా వచ్చేది. చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశాక గానీ పాట ఆగకుండా మోగడం మొదలవ్వలేదు. అందుకే మా తరంలో పాట అంటే చేతికందే వస్తువు. మెయిన్‌ల్యాండ్‌కి వెళ్ళినవాళ్ళు కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల దుకాణాల్లో వెతికి తేవాలి, లేదా చెన్నైలో ఎవరినైనా పట్టుకోవాలి. కేబుల్ వచ్చాక అన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. అయినా నాకు రికార్డే కావాలనిపిస్తుంది, ఎందుకో ముందు ముందు చెబుతాను.

పద్యం ఎత్తుకునే గొంతులు

పవర్ మెటల్ అనగానే చాలామందికి జర్మనీ గుర్తొస్తుంది. 1987లో హెలోవీన్ బ్యాండు ‘కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్’ మొదటి భాగం తెచ్చాక ఆ బాణీ స్థిరపడింది. పరుగులు తీసే డ్రమ్స్, వెలుగు నిండిన మెలొడీ, అందరూ గొంతు కలిపే కోరస్. అమెరికా బాణీ దానికి నాలుగైదేళ్ళ ముందే పుట్టింది, దాని స్వభావం వేరు. జూడాస్ ప్రీస్ట్, ఐరన్ మెయిడెన్, రోనీ జేమ్స్ డియో పాడిన రెయిన్‌బో రికార్డులు అరిగేదాకా విన్న కుర్రాళ్ళు వీళ్ళు. గిటారు రిఫ్ బరువు, స్వరం చీకటి, కథ మాత్రం పురాణమంత. కత్తులు, కోటలు, శపించబడ్డ రాజులు, ఓడిపోతామని తెలిసీ చేసే యుద్ధాలు.

కొలరాడో స్ప్రింగ్స్ నుంచి వచ్చిన జాగ్ పంజర్ 1984లో చేసిన ‘యాంపుల్ డిస్ట్రక్షన్’ వినండి. హ్యారీ కాంక్లిన్, అభిమానులకు ‘ది టైరంట్’, పై స్థాయికి గొంతు ఎక్కించి అక్కడే నిలబెట్టి ఇక దిగడేమో అనిపిస్తాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఇంగ్లిష్ గాయకులెవరూ తట్టలేదు. కురుక్షేత్రం నాటకంలో కృష్ణుడి వేషం కట్టిన పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు తట్టారు. పద్యం చివర రాగం తీస్తుంటే జనం వన్స్ మోర్ అని అరిచే ఆ తీరు. కథ అందరికీ తెలిసిందే, రాయబారం ఏమవుతుందో పిల్లలకూ తెలుసు. జనం వచ్చేది ఆ ఎత్తు మీద గొంతు ఎంతసేపు నిలుస్తుందో చూడ్డానికి. జాగ్ పంజర్ 2000లో షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ కథనంతా ఒక ఆల్బంగా పాడారు. పద్యనాటకం చూసి పెరిగిన తెలుగువాడికి ఆ ఆల్బం కొత్తగా పరిచయం చేయక్కర్లేదు.

ఇలాంటి గొంతులు ఒక్కో ఊళ్ళో ఒక్కొక్కటి లేచాయి. హ్యూస్టన్‌లో హెల్‌స్టార్‌కి జేమ్స్ రివేరా, లాస్ ఏంజెలిస్‌లో ఓమెన్‌కి జె.డి. కింబాల్, ఫ్లోరిడాలో క్రిమ్సన్ గ్లోరీకి మిడ్‌నైట్. ఆ క్రిమ్సన్ గ్లోరీ వాళ్ళు వెండిరంగు ముసుగులు తొడుక్కుని వేదికెక్కేవాళ్ళు. అదే ఫ్లోరిడాలో సావటాజ్ పేరుతో ఒలీవా అన్నదమ్ములు. అన్న జాన్ గొంతు, తమ్ముడు క్రిస్ గిటారు. 1987లో వచ్చిన ‘హాల్ ఆఫ్ ది మౌంటెన్ కింగ్’లో నార్వే స్వరకర్త గ్రీగ్ రచనను క్రిస్ గిటారు మీదకు తెచ్చిన తీరు చాలామందిని అటు లాగింది. నా ఓటు మాత్రం 1983లో పార్ రికార్డ్స్ మీద వచ్చిన ‘సైరెన్స్’కే. అందులో ఇంకా ఎవరూ నునుపు చేయని కోపం ఉంది. 1993 అక్టోబరులో తాగి కారు నడిపినవాడొకడు ఎదురొచ్చి గుద్దడంతో క్రిస్ పోయాడు. 2003లో కింబాల్, 2009లో మిడ్‌నైట్. 2012లో రయట్ బ్యాండు గిటారిస్టు మార్క్ రియాలే కూడా. 1988 నాటి ‘థండర్‌స్టీల్’ విన్నవాళ్ళకు ఆయన పేరు చెప్పక్కర్లేదు.

అన్నిట్లోకీ ఒక్క రికార్డే ఉంచుకోమంటే మాత్రం ఫేట్స్ వార్నింగ్ 1986లో చేసిన ‘అవేకెన్ ది గార్డియన్’ ఉంచుకుంటాను. కనెక్టికట్ కుర్రాళ్ళు. జాన్ ఆర్చ్ పాడే వరస గిటారు వెంట నడవదు, దాని మీదుగా తనదైన దారిలో పోతుంది. మొదట తప్పిపోయాడేమో అనిపిస్తుంది. పదోసారికి, అతను వెళ్ళిన దారే సరైనదని, మన చెవే ఆలస్యంగా వచ్చిందని తెలుస్తుంది. ఆర్చ్ ఆ ఆల్బం తర్వాత బ్యాండు వదిలేశాడు. 30 ఏళ్ళకు, 2016లో, పాతవాళ్ళంతా కలిసి ఆ ఆల్బం మొత్తం వేదిక మీద వాయించారు. ఎక్కడనుకున్నారు? జర్మనీలో లౌడా-కోనిగ్స్‌హోఫెన్ అనే చిన్న ఊళ్ళో, ‘కీప్ ఇట్ ట్రూ’ అనే ఉత్సవంలో.

తొలి ముద్రణ మోజు

రికార్డు సేకరించేవాళ్ళు అట్ట చూసి ఆగరు. పాటలు అయిపోయాక, మధ్యలో లేబుల్‌కి ముందు నున్నగా ఒక వలయం మిగులుతుంది. అక్కడ చేత్తో గీకిన అంకెలు, అక్షరాలు ఉంటాయి. లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చదవాలి. ఏ ముద్రణో అక్కడ తెలుస్తుంది.

ఈ బ్యాండ్లన్నీ చిన్న లేబుళ్ళ మీద మొదలయ్యాయి గనుక ముద్రణల కథలు బోలెడు. బ్రయన్ స్లేగెల్ రికార్డుల దుకాణంలో పనిచేస్తూ 1982లో ‘మెటల్ మాసకర్’ అనే సంకలనం వేశాడు, అదే మెటల్ బ్లేడ్ రికార్డ్స్ పుట్టుక. ఎవరికీ తెలియని ఒక కొత్త బ్యాండు పాట అందులో ఉంది. తొలి ముద్రణ అట్ట మీద ఆ మెటాలికా పేరులో ‘టి’ అక్షరం ఒకటి ఎక్కువ పడింది. ఇప్పుడు సేకర్తలు వెతికేది ఆ అచ్చుతప్పునే. సియాటిల్ వైపు క్వీన్స్‌రైక్ 1983లో తమ మొదటి ఈపీని 206 రికార్డ్స్ పేరుతో వేసింది. 206 ఆ ఊరి టెలిఫోన్ కోడ్. కొన్నాళ్ళకే ఈఎంఐ తీసుకుని మళ్ళీ వేసింది. మెటల్ చర్చ్ మొదటి ఆల్బం 1984లో గ్రౌండ్ జీరో లేబుల్ మీద, ఆ మరుసటి ఏడాది ఎలెక్ట్రా మీద. పాటలు అవే, సేకర్త చేయి మాత్రం మొదటిదాని మీదకే వెళ్తుంది.

నాకా మోజు తక్కువ. అమ్ముడుపోక మిగిలిన సరుకుని రికార్డు కంపెనీలు తక్కువ ధరకు వదిలించుకునేటప్పుడు అట్ట మూల కోసేవి. మూల కోసిన అట్టలంటే చాలామంది ముఖం చిట్లిస్తారు. నాకవి ఇష్టం. ఈ పాటలకు ఒకప్పుడు కొనేవాళ్ళే లేరన్న నిజం ఆ కోత మీద ఉంది. మళ్ళీ వేసిన ప్రతులన్నా నాకు చులకన లేదు. జర్మనీలో హై రోలర్, గ్రీసులో నో రిమోర్స్ లాంటి లేబుళ్ళు పాత టేపులు, ఫొటోలు వెతికి పట్టుకుని, పాటల పాఠం అచ్చేసి, బలమైన అట్టలో పెట్టి తెస్తున్నాయి. చూడాల్సింది ఒక్కటే. ఆ ధ్వని టేపు నుంచి తీశారా, ఏ సీడీ నుంచో దించేశారా? రెండోదైతే డబ్బు దండగ.

దీవికి తెప్పించుకునేవాళ్ళకు ఒక సలహా. అమ్మేవాణ్ణి రికార్డుని అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనక విడిగా పెట్టి కట్టమనండి. లేకపోతే దారి పొడుగునా ఎత్తేసి దించేసరికి, లోపలి ప్లేటు అట్ట అంచుని చీల్చుకుని బయటికొస్తుంది. ఒక కొరియర్ వాళ్ళు నా పార్సిల్‌ని వానలో గేటు బయట వదిలి వెళ్ళారు. ప్లేటు బతికింది, అట్ట ఉబ్బిపోయింది.

బూజుతో పోరు

ఇక్కడ ఏటా 3,000 మిల్లీమీటర్ల వాన. నైరుతి రుతుపవనాలు వెళ్ళీవెళ్ళకముందే ఈశాన్యం దిగుతుంది. గాలిలో తేమ 80 శాతం చుట్టూ ఉంటుంది. గ్రంథాలయాలవాళ్ళు రికార్డులకు సిఫారసు చేసే తేమ ఇందులో సగం.

వినైల్ ప్లేటు పీవీసీ. బూజుకి అది ఆహారం కాదు. బూజు తినేది మన వేలిముద్రల జిడ్డుని, లోపలి కాగితం తొడుగుని, దుమ్ముని. అందుకే వర్షాకాలంలో తీసి చూస్తే ప్లేటు మీద బూడిదరంగు చుక్కలు, పొడిచిన సూదిమొనంత, గాడి వెంబడి వరసగా కనబడతాయి. ముల్లు పెడితే పాట కింద నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నట్టు మోత.

ఓమెన్ ‘బ్యాటిల్ క్రై’ (1984) ఒకసారి ఆ స్థితిలో దొరికింది. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, లేబుల్ తడవకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టాను. డిస్టిల్డ్ వాటర్, అందులో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒకట్రెండు చుక్కల వాసనలేని సబ్బు. సన్నటి కుచ్చు బ్రష్‌ని గాడి తిరిగే దిశలోనే తిప్పాలి, అడ్డంగా రుద్దితే గాడి గోడలే అరుగుతాయి. నీళ్ళు కాసేపు నిలవనిచ్చి, మళ్ళీ బ్రష్, మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడుగు. ఆరడానికి నిలువుగా పెట్టాలి. పాత కాగితం తొడుగు మాత్రం పారేయాల్సిందే. అందులో బూజు విత్తనాలు ఉంటాయి, కడిగిన ప్లేటుని మళ్ళీ అందులో పెడితే నెలలో కథ మొదటికొస్తుంది. పాలిథీన్ లోపలి తొడుగు మంచిది. పైకి మెరుస్తుందని పీవీసీ తొడుగు కొంటే అది ప్లేటు మీద పొగమంచులాంటి మరక వేస్తుంది, ఆ మరక పోదు.

అల్మారా గోడకి ఆనకూడదు. రికార్డులు నిలువుగా, ఒరగకుండా, ఊపిరాడేంత వదులుగా ఉండాలి. సిలికా జెల్ సంచులు అడుగున వేస్తాం. నీలం గింజలు గులాబీరంగుకి తిరిగితే తడి తాగినట్టు, వేడి చేసి మళ్ళీ వాడొచ్చు గానీ, నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది గనుక వంటగిన్నెలో చేయకూడదు. ఇదంతా చాదస్తం అనుకునేవాళ్ళుంటారు. అనుకోనివ్వండి. బూజు పట్టిన పాట వినిపించదు.

కరెంటు, వేగం, చివరి పాట

అమెరికా నుంచి పాత టర్న్‌టేబుల్ తెప్పించుకున్నవాళ్ళకు ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. పాత బెల్టు యంత్రాల్లో మోటారు వేగం ఈ హెర్ట్జ్ మీదే ఆధారపడుతుంది. వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నా, నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు దాదాపు 28 దగ్గర ఆగిపోతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలు దిగుతుంది. జాన్ ఆర్చ్ నిద్రలో పాడినట్టుంటాడు. దీవి కరెంటుకి మెయిన్‌ల్యాండ్ గ్రిడ్‌తో సంబంధం లేదు. ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లది. దానికి తోడు డాలీగంజ్, అట్టం పహాడ్‌లలో ప్రభుత్వరంగ సంస్థ ఎన్‌ఎల్‌సీ వాళ్ళు బ్యాటరీలతో కలిపి కట్టిన 20 మెగావాట్ల సౌర కేంద్రం వచ్చింది. ఎండ కాసిన రోజున మా పేట మీద పడ్డ వెలుగే ఆంప్లిఫయర్‌లోకి వస్తోందని తెలిస్తే భలే ఉంటుంది. ఏదేమైనా క్వార్ట్‌జ్ నియంత్రణ ఉన్న డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ ఒకటి కొనుక్కుంటే కరెంటు ఎలా ఊగినా ప్లేటు ఊగదు.

రికార్డే ఎందుకన్నదానికి నా జవాబు ఇప్పుడు. బిగ్గరగా, బేస్‌తో ఉన్న సంగీతానికి గాడులు ఎడంగా కొయ్యాలి. అంచేత ఒక వైపుకి 20 నిమిషాలు మించితే ధ్వని పలచబడుతుంది. ఈ ఆల్బంలు 40 నిమిషాల దగ్గర ఆగడానికి కారణం అదే. రెండు అంకాలు, మధ్యలో లేచి తిప్పాలి. పైగా ప్లేటు లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, అదే సెకనుకి గాడి తక్కువ పొడుగు దొరుకుతుంది, ధ్వని ఇరుకున పడుతుంది. ఈ కుర్రాళ్ళు సరిగ్గా అక్కడే అన్నిటికన్నా పెద్ద పాట పెట్టారు. ‘క్రిస్టల్ లాజిక్’ చివర పది నిమిషాల ‘డ్రీమ్స్ ఆఫ్ ఎస్కటాన్’. ‘యాంపుల్ డిస్ట్రక్షన్’ చివర ‘ది క్రూసిఫిక్స్’. ముల్లుని పట్టుకునే కార్ట్రిడ్జ్ కోణం వెంట్రుకవాసి తప్పినా ఆ పాటల్లో గొంతు బొంగురుపోతుంది. బిగించిన కోణం సరిపోయి, ఇరుకు గాడిలోంచి షెల్టన్ గిటారు శుభ్రంగా బయటికొచ్చిన రోజున ఆ పాటని సంపాదించుకున్నట్టు ఉంటుంది. ఫోన్లో ఆ పని లేదు.

దాచినవాళ్ళు

కాలిఫోర్నియాలో వెంచురా ఊరివాళ్ళు సిరిత్ ఉంగోల్. టోల్కీన్ కథలోని కనుమ పేరు పెట్టుకున్నారు. 1981లో సొంత డబ్బుతో ‘ఫ్రాస్ట్ అండ్ ఫైర్’ వేసి, అట్ట మీదకు మైకేల్ వీలన్ వేసిన ఎల్రిక్ అనే ఫాంటసీ కథల వీరుడి బొమ్మ తెచ్చుకున్నారు. పన్నెండంగుళాల అట్ట మీద ఆ బొమ్మ చూస్తే, కాలం ఎవరివైపు ఉంటుందో తెలిసే వేశారనిపిస్తుంది. టిమ్ బేకర్ గొంతు అందరికీ నచ్చేది కాదు. 1992కల్లా బ్యాండు చెదిరిపోయింది. రికార్డులు మాత్రం దేశాలు తిరిగాయి. వెంచురా కొత్త తరం నైట్ డీమన్ బ్యాండువాళ్ళు ‘ఫ్రాస్ట్ అండ్ ఫైర్’ పేరుతోనే ఉత్సవం పెట్టి, 2016లో పెద్దవాళ్ళని మళ్ళీ వేదిక ఎక్కించారు. 2020లో సిరిత్ ఉంగోల్ కొత్త ఆల్బం కూడా వచ్చింది. మార్క్ షెల్టన్ 2018 జులైలో జర్మనీలో ఒక ఉత్సవంలో వాయించి, ఆ వెంటనే గుండెపోటుతో పోయాడు. అరవయ్యేళ్ళు. ఆ రాత్రి అతని పాటలు కంఠతా వచ్చినవాళ్ళు విచిటాకి సముద్రం అవతల ఉన్నారు.

తెలుగువాళ్ళకి ఇలా దాచే పని కొత్త కాదు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు 78 ఆర్‌పీఎం ప్లేట్లు వేలకొద్దీ పోగేసి ఉండకపోతే మన తొలినాళ్ళ సినిమా పాటల చరిత్రలో ఎన్ని ఖాళీలుండేవో! ఆయన ప్లేటు మీది లేబుల్ చదివి, ఎవరు పాడారో, ఎవరు కట్టారో నిర్ధారించి రాశారు. సేకర్త అంటే నా లెక్కలో అదీ. బీరువా నింపడం ఎవరైనా చేస్తారు.

అందుకే ఇక్కడి తెలుగు ఇళ్ళకు ఒక విన్నపం. తాతలు శ్రీకాకుళం నుంచి తెచ్చిన ట్రంకుపెట్టెల్లో పద్యాల ప్లేట్లుంటే పారేయకండి. అవి వినైల్ కావు. లక్క, రాతిపొడి కలిపి చేసినవి. కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ 1908 నుంచీ చేసిన ప్లేట్ల లక్క మన దేశపు చెట్ల మీదిదే. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పగులుతాయి. నిలువుగా పెట్టండి. ఎల్పీ ముల్లుతో వాయించకండి, వాటి గాడి వెడల్పు, వేరే ముల్లు కావాలి. కడిగితే డిస్టిల్డ్ వాటర్, చుక్క సబ్బు, మెత్తటి బ్రష్, వెంటనే తుడిచి ఆరబెట్టడం. నేను పైన చెప్పిన ఆల్కహాల్ వీటికి పొరపాటున కూడా తగలనివ్వకండి, లక్క కరిగి గాడి చెరిగిపోతుంది.